లండన్ నుంచి పారిస్‌కు విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువాళ్ళ ఇంటికి చుట్టాలొస్తే మూడో రోజుకల్లా వచ్చే మాట ఒకటుంది: "ఇంత దూరం వచ్చాం, పారిస్ కూడా చూసేసి పోదాం. ఫ్లైట్‌లో గంటేనటగా?" గంటే. కానీ ఆ గంట చుట్టూ ఇంకో అయిదు గంటలుంటాయి. మా ఇంట్లో పదేపదే అడిగిన ప్రశ్నలకూ, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఫోన్ చేసి అడిగినవాటికీ నేను చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

లండన్ నుంచి పారిస్‌కు విమాన దూరం ఎంత?

హీత్రూ ఎయిర్‌పోర్ట్ నుంచి పారిస్‌లోని చార్ల్స్ డి గాల్ ఎయిర్‌పోర్ట్‌కు సుమారు 347 కిలోమీటర్లు. మైళ్ళలో 216, విమానాలవాళ్ళు వాడే నాటికల్ మైళ్ళలో 187. (ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు.) దిశ ఆగ్నేయం.

మన లెక్కలో చెప్పాలంటే, శంషాబాద్ నుంచి గన్నవరానికి గాలిలో సుమారు 265 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి తిరుపతికి 420 దాకా. లండన్–పారిస్ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. మధ్యలో ఒక సముద్రం, ఒక దేశపు సరిహద్దు, ఒక గంట టైమ్ తేడా ఉన్నాయి కాబట్టి పెద్ద ప్రయాణంలా అనిపిస్తుందంతే.

ఒక సైట్‌లో 344 అని, ఇంకోదాంట్లో 308 అని, మరోచోట 460 అని ఉంది. ఏది నిజం?

అన్నీ నిజమే. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు కొలిస్తే సుమారు 344 కిలోమీటర్లు. లండన్‌కున్న మరో ఎయిర్‌పోర్ట్ గాట్విక్ నుంచి చార్ల్స్ డి గాల్‌కు 308. గాట్విక్ లండన్‌కు దక్షిణాన, అంటే ఫ్రాన్స్ వైపే ఉంది కాబట్టి తగ్గింది. లూటన్ ఎయిర్‌పోర్ట్ లండన్‌కు ఉత్తరాన ఉంది, అక్కడి నుంచి కొలిస్తే 380 వస్తుంది. గాట్విక్ నుంచి పారిస్‌లోని రెండో ఎయిర్‌పోర్ట్ ఓర్లీకి 326. ఇక 460 అనేది కారులో వెళ్తే వచ్చే దూరం, 490 అనేది రైలు పట్టాల దూరం.

పైన చెప్పిన విమాన దూరాలన్నీ భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారికి లెక్క. విమానం ఆ గీత మీదే పోదు. రన్‌వే ఏ వైపుంటే ఆ వైపు పైకి లేచి, కేటాయించిన దారిలోకి తిరిగి, చివర్లో రన్‌వేకు ఎదురుగా రావడానికి ఇంకో చుట్టు తిరుగుతుంది. ఇంత చిన్న ప్రయాణంలో ఆ మలుపులు కూడా లెక్కలోకి వస్తాయి.

విమానంలో ఎంతసేపు పడుతుంది?

టికెట్ మీద సాధారణంగా గంటా పదిహేను నిమిషాల నుంచి గంటన్నర లోపు ఉంటుంది. నేల విడిచి మళ్ళీ నేల తాకేదాకా చూస్తే మాత్రం ముప్పావు గంట నుంచి యాభై అయిదు నిమిషాలే. నీళ్ళ సీసా చేతికొచ్చి మూత తీసేలోపే సీటు బెల్టు లైట్ మళ్ళీ వెలుగుతుంది.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందంటారు. 347 కిలోమీటర్లకు ఇరవై ఆరు నిమిషాలు చాలాలి కదా?

మా తమ్ముడి కొడుకు అడిగిన ప్రశ్న ఇది. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, కాలిక్యులేటర్ చూపించి మరీ అడిగాడు. భాగహారం సరిగ్గానే చేశాడు. చిక్కెక్కడంటే, ఆ 800 అనేది విమానం పై ఎత్తుకు చేరి నిలకడగా పోయేటప్పటి వేగం. లండన్–పారిస్ విమానానికి ఆ నిలకడ దొరికేది కొద్ది నిమిషాలే.

బయలుదేరాక సగం దారి ఎక్కడంలో, మిగతా సగం దిగడంలో పోతుంది. హైదరాబాద్ నుంచి లండన్ వచ్చే విమానంలా ఇది 35 వేల, 38 వేల అడుగులు ఎక్కదు. ఎక్కినా వెంటనే దిగాలి కాబట్టి అనవసరం. మామూలుగా పాతిక వేల అడుగుల చుట్టుపక్కలే ఉంటుంది. పది వేల అడుగుల కింద వేగానికి హద్దులుంటాయి. ఇంగ్లండ్ దక్షిణ తీరం దాటి, ఇంగ్లిష్ ఛానెల్ మీదికొచ్చి, నార్మండీ తీరం కనపడిందంటే దిగడం మొదలైపోయినట్టే.

దీనికి తోడు నేల మీద గడిచే టైమ్ ఉంది. టికెట్ మీద రాసేది ఎగిరే సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతలి గేటు దగ్గర ఆగి చక్రాలకు అడ్డం పెట్టేవరకూ లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. హీత్రూలో రన్‌వేలు రెండే, ఏడాదికి 4,80,000 విమానాల రాకపోకలకు మించకూడదన్న పరిమితి కూడా ఉంది. ఆ రెండు రన్‌వేలూ ఎప్పుడూ నిండుగా ఉంటాయి కాబట్టి, పొద్దున పూట గేటు వదిలిన విమానం రన్‌వే దగ్గర ఆర్టీసీ బస్సులా వరసలో నిలబడుతుంది. చార్ల్స్ డి గాల్‌లో రన్‌వేలు నాలుగున్నాయి గానీ ఆ ఎయిర్‌పోర్ట్ మహా పెద్దది. దిగాక గేటు చేరడానికే పది పదిహేను నిమిషాలు పట్టిన రోజులున్నాయి. కిటికీలోంచి చూస్తే పారిస్‌కు రోడ్డు మీద వెళ్తున్నామేమో అనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఇంకోటి కలుస్తుంది. హీత్రూలో దిగడానికి వరస ఉంటే విమానాలను గాలిలోనే గుండ్రంగా తిప్పుతారు. అలా తిరిగే చోట్లు లండన్ చుట్టూ నాలుగున్నాయి: బోవింగ్డన్, లాంబోర్న్, బిగ్గిన్, ఓకమ్. ఒకదాని మీద ఒకటిగా, వెయ్యేసి అడుగుల తేడాతో విమానాలు గానుగ చుట్టూ ఎద్దులా తిరుగుతుంటాయి. కింది విమానం దిగడానికి వెళ్తే పైవి ఒక్కో మెట్టు దిగుతాయి. ఇవన్నీ ఊహించే విమాన సంస్థలు టికెట్ మీద టైమ్ కాస్త ఎక్కువే వేస్తాయి. వరస లేని రోజున "పదిహేను నిమిషాలు ముందే వచ్చేశాం" అని కెప్టెన్ గొప్పగా చెప్పడం వెనక ఉన్నది ఇదే.

టికెట్ మీద వెళ్ళేటప్పుడు రెండు గంటల ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు ఇరవై నిమిషాలు ఉన్నట్టుంది. తప్పు పడిందా?

లేదు. పారిస్ గడియారం లండన్ కంటే ఒక గంట ముందుంటుంది. టికెట్ మీద బయలుదేరే టైమ్ ఆ ఊరిది, దిగే టైమ్ ఈ ఊరిది వేస్తారు. లండన్‌లో 10:00కు బయలుదేరి గంటా ఇరవై నిమిషాలు ప్రయాణిస్తే పారిస్‌లో 12:20 అవుతుంది. పారిస్‌లో 10:00కు బయలుదేరితే లండన్‌లో 10:20కే దిగుతారు.

మా అమ్మ మొదటిసారి తిరుగు టికెట్ చూసి, "ఏడున్నరకి ఎక్కి ఏడూ యాభైకి దిగడమేంట్రా, వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కో" అంది. టైమ్ తేడా సంగతి చెప్తే నమ్మింది గానీ, "మరి వెళ్ళేటప్పుడు పోయిన గంట ఇప్పుడు తిరిగొచ్చిందన్నమాట" అని తేల్చింది. నిజానికి ఇంతకంటే తేలిగ్గా నేనూ చెప్పలేను.

ఒక చిన్న చరిత్ర. మ్యాప్ చూస్తే పారిస్ లండన్‌కు పెద్ద తూర్పునేం లేదు. రేఖాంశాల తేడా రెండున్నర డిగ్రీలే, అంటే సూర్యుడి లెక్కలో పది నిమిషాలు. 1940కి ముందు ఫ్రాన్స్ కూడా లండన్ టైమే పాటించేది. ఆ ఏడాది జర్మనీ ఆక్రమించాక బెర్లిన్ టైమ్ పెట్టారు. యుద్ధం అయిపోయినా ఆ గంట మాత్రం అలాగే ఉండిపోయింది.

వేసవిలో గడియారాలు మారుస్తారు కదా, అప్పుడు తేడా మారుతుందా?

మారదు. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం రెండు దేశాలూ ఒకే క్షణంలో మారుస్తాయి. ఏడాది పొడుగునా తేడా గంటే. మన ఇండియాతో తేడా మాత్రం మారుతుంది: చలికాలంలో లండన్ మనకంటే అయిదున్నర గంటలు, పారిస్ నాలుగున్నర గంటలు వెనక. వేసవిలో ఒక్కో గంట తగ్గుతుంది.

వెళ్ళేటప్పుడు తొందరగా, వచ్చేటప్పుడు ఆలస్యంగా చేరుతుందంటారు. గాలి వల్లేనా?

కొంత. ఈ ప్రాంతంలో పై గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. ఆగ్నేయంగా పారిస్ వెళ్ళేటప్పుడు కాస్త తోస్తాయి, తిరిగొచ్చేటప్పుడు కాస్త ఆపుతాయి. అట్లాంటిక్ దాటేటప్పుడైతే ఇది గంట దాకా తేడా తెస్తుంది. ఇంత చిన్న దూరంలో కొద్ది నిమిషాలే. మీ ఆలస్యానికి గాలి కంటే హీత్రూ వరసే కారణమయ్యే అవకాశం ఎక్కువ.

ఏ ఎయిర్‌పోర్ట్ నుంచి ఏ ఎయిర్‌పోర్ట్‌కు వెళ్తే మంచిది?

హీత్రూ నుంచి చార్ల్స్ డి గాల్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఫ్రాన్స్ నడుపుతాయి. గాట్విక్, లూటన్‌ల నుంచి చార్ల్స్ డి గాల్‌కు ఈజీజెట్ ఉంది. గాట్విక్ నుంచి ఓర్లీకి వ్యూలింగ్ నడిపింది. సీజన్‌ను బట్టి ఇవి మారుతుంటాయి కాబట్టి తేదీ వేసి చూసుకోండి. విమానాలు ఎక్కువగా ఎయిర్‌బస్ ఎ320 రకానివి. ఎయిర్ ఫ్రాన్స్‌కు 148 సీట్ల ఎ220లు కూడా ఉన్నాయి.

టికెట్ ధర ఒక్కటే చూడకండి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి ఎలా వెళ్తారో అదీ చూడండి. చార్ల్స్ డి గాల్ పారిస్‌కు ఈశాన్యంగా పాతిక కిలోమీటర్లు. అక్కడి నుంచి ఆర్ఈఆర్ బి అనే లోకల్ రైలు గార్ దు నోర్ స్టేషన్‌కు అరగంటలో తెస్తుంది. ఓర్లీ దక్షిణాన పదమూడు కిలోమీటర్లే. 2024 జూన్ నుంచి మెట్రో 14వ లైన్ నేరుగా ఓర్లీ దాకా వేశారు కాబట్టి ఇప్పుడు అదే సుఖం. కాకపోతే రాత్రి పదకొండున్నర తర్వాత పొద్దున దాకా ఓర్లీలో విమానాలు దిగనివ్వరు.

ఇటు లండన్‌లో హీత్రూకు మూడు దారులు. ప్యాడింగ్టన్ నుంచి హీత్రూ ఎక్స్‌ప్రెస్‌లో పావుగంట, ఎలిజబెత్ లైన్‌లో అరగంట, ఊరి నడిబొడ్డు నుంచి పికడిల్లీ లైన్ ట్యూబ్‌లో గంట దాకా. ఖర్చు కూడా అదే వరసలో తగ్గుతుంది. ఈస్ట్ హామ్ వైపు ఉండేవాళ్ళకు 2022లో ఎలిజబెత్ లైన్ వచ్చాక హీత్రూ ప్రయాణం నిజంగా సుఖమైంది.

ఒక హెచ్చరిక: పేరులో పారిస్ ఉన్నంత మాత్రాన పారిస్ కాదు. "పారిస్ బోవే" అనే ఎయిర్‌పోర్ట్ పారిస్‌కు 85 కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. బ్రిటన్‌లో వేరే ఊళ్ళ నుంచి చవగ్గా దొరికే టికెట్లు కొన్ని అక్కడికే. బస్సులో ఇంకో గంటా పదిహేను నిమిషాలు వేసుకోవాలి. మాకు తెలిసిన ఒకబ్బాయి అర్ధరాత్రి అక్కడ దిగి, టాక్సీకి టికెట్ కంటే రెట్టింపు ఇచ్చుకున్నాడు.

సరే, ఇంటి నుంచి హోటల్ దాకా మొత్తం ఎంత?

నేను ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

తూర్పు లండన్‌లో ఇల్లు, పారిస్ నడిబొడ్డున హోటల్ అనుకోండి. ఇంటి నుంచి హీత్రూకు గంటంబావు. విమానానికి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. విమానంలో గంటా ఇరవై. దిగి నడిచి, పాస్‌పోర్ట్ వరస దాటి, పెట్టె తీసుకునేసరికి ముప్పావు గంట నుంచి గంట. రైలు స్టేషన్‌కు నడక, రైలు, ఆ తర్వాత మెట్రో కలిపి ఇంకో గంట. మొత్తం ఆరు గంటల పైమాటే. అందులో గాలిలో గడిపింది ఒక గంట కంటే తక్కువ.

ఇల్లు స్లౌ, హౌన్స్లో లాంటి చోట్ల, అంటే హీత్రూ పక్కనే ఉంటే గంట తగ్గించుకోండి. చేతి సంచీతోనే వెళ్తే ఇంకో పావుగంట.

అయితే యూరోస్టార్ రైలే నయమా?

నన్నడిగితే, లండన్ నడిమధ్య నుంచి పారిస్ నడిమధ్యకు వెళ్ళేవాళ్ళకు రైలే నయం. సెయింట్ పాంక్రస్ నుంచి గార్ దు నోర్‌కు రెండు గంటల ఇరవై నిమిషాల చుట్టూ పడుతుంది. గేట్లు అరగంట ముందే మూసేస్తారు కాబట్టి గంట, గంటన్నర ముందు వెళ్ళాలి. మొత్తం మీద నాలుగూ నాలుగున్నర గంటల్లో హోటల్లో ఉంటారు.

పైగా ఫ్రాన్స్ ఇమిగ్రేషన్ లండన్ స్టేషన్‌లోనే అయిపోతుంది. పారిస్‌లో రైలు దిగి నేరుగా వీధిలోకి నడవడమే. తిరుగులో బ్రిటన్ ఇమిగ్రేషన్ గార్ దు నోర్‌లోనే చేస్తారు. ఒక్కొక్కరికి రెండు పెట్టెలు, ఒక చేతి సంచీ ఉచితం. 100 మిల్లీలీటర్ల గొడవ లేదు.

రైలు గంటకు 300 కిలోమీటర్లు పోతుంది, సొరంగంలో మాత్రం 160. ఆ సొరంగం పొడవు 50 కిలోమీటర్లు, అందులో 38 సముద్రం కింద. ఇరవై నిమిషాలు చీకటి. "చేపలు కనపడతాయా?" అని మా పాప అడిగింది గానీ, కనపడేది కిటికీలో మన మొహమే. ఈ రైలు 1994లో మొదలైనప్పుడు మూడు గంటలు పట్టేది. ఇంగ్లండ్ వైపు 108 కిలోమీటర్ల కొత్త లైన్ పూర్తయి, 2007 నవంబరులో స్టేషన్ వాటర్లూ నుంచి సెయింట్ పాంక్రస్‌కు మారాక తగ్గింది.

విమానం ఎప్పుడు నయమంటే: హీత్రూ దగ్గర ఇల్లున్నప్పుడు, పారిస్ నుంచి ఇంకో విమానం పట్టుకోవాల్సినప్పుడు, చివరి నిమిషంలో రైలు టికెట్ ధర చూసి కళ్ళు తిరిగినప్పుడు. బస్సు కూడా ఉంది, ఎనిమిది తొమ్మిది గంటలు. చదువుకునే పిల్లలు రాత్రి బస్సెక్కి పొద్దునకు దిగుతారు, నడుం గట్టిగా ఉన్న వయసు కాబట్టి.

యూకే వీసా ఉంటే పారిస్ వెళ్ళొచ్చా?

వెళ్ళకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిని షెంగెన్ అంటారు. బ్రిటన్ అందులో లేదు, ఎప్పుడూ లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు, లండన్‌లో పదేళ్ళుగా ఉంటున్నా సరే, ఫ్రాన్స్‌కు షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. పెద్దవాళ్ళకు ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, టికెట్ కంటే ముందు అది చూసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు బ్రిటన్‌లోకి రావడానికి మీ యూకే అనుమతి చెల్లుబాటులో ఉండాలి. బీఆర్‌పీ అనే ప్లాస్టిక్ నివాస అనుమతి కార్డుల కాలం చెల్లింది, ఇప్పుడంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈవీసా. పాస్‌పోర్ట్ కొత్తది తీసుకుని ఉంటే ఆ నంబరు ఈవీసా ఖాతాలో మార్చారో లేదో బయలుదేరేముందే చూసుకోండి. పారిస్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆ సంగతి గుర్తొస్తే వచ్చే టెన్షన్ పగవాళ్ళకీ వద్దు.

వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారట, అదేంటి?

యూరప్‌వాళ్ళ కొత్త ఎంట్రీ–ఎగ్జిట్ పద్ధతి. 2025 అక్టోబరు 12న మొదలైంది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాలవాళ్ళు కొద్ది రోజులకు వచ్చినప్పుడు, పాస్‌పోర్ట్ మీద ముద్రకు బదులు ముఖం, వేలిముద్రలు నమోదు చేస్తారు. డబ్బేమీ కట్టక్కర్లేదు, ఒకసారి చేస్తే మూడేళ్ళు ఉంటుంది. విమానంలో వెళ్తే పారిస్‌లో దిగాక, రైల్లో అయితే సెయింట్ పాంక్రస్‌లోనే ఇది జరుగుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అదనంగా టైమ్ వేసుకోండి.

హైదరాబాద్ నుంచి హీత్రూ వచ్చి, అదే రోజు పారిస్ విమానం పట్టుకోవచ్చా?

ఒకే టికెట్ మీద ఉండి, దారిలో కావాల్సిన వీసాలుంటే పట్టుకోవచ్చు. సామాను నేరుగా వెళ్తుంది, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతిదాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళది. వేర్వేరు టికెట్లయితే ఇమిగ్రేషన్ దాటి, పెట్టెలు తీసుకుని, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. దానికి యూకే వీసా కావాలి, కనీసం నాలుగు గంటలు కావాలి. రెండో టికెట్ పోతే డబ్బు మీదే. ఒకే టికెట్ మీదున్నా టెర్మినల్ మారడానికి ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కాల్సి రావచ్చు, రెండో సెక్యూరిటీ తప్పదు. గంటన్నర గడువున్న కనెక్షన్ కంటే మూడు గంటలది ఎంచుకోండి.

అమ్మానాన్నలు ఎక్కువ నడవలేరు. వీల్‌చైర్ ఇస్తారా?

ఇస్తారు, ఉచితమే. కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పాలి. పెద్దవాళ్ళు మొహమాటానికి "ఎందుకురా, నడుస్తాంలే" అంటారు. వినకండి. గేటు దాకా హీత్రూలో పావుగంట నడక మామూలే, చార్ల్స్ డి గాల్‌లో అంతకు తక్కువేం కాదు.

ఆవకాయ తీసుకెళ్ళొచ్చా?

పారిస్‌లో మూడు రోజులకు ఆవకాయ ఎందుకని అడగను, నాకూ తెలుసు ఎందుకో. నూనె తేలే పచ్చడి సెక్యూరిటీవాళ్ళ లెక్కలో ద్రవం కిందికే వస్తుంది. ద్రవాల నియమం ఎయిర్‌పోర్ట్‌ను బట్టి మారుతోంది కాబట్టి, చేతి సంచీలో 100 మిల్లీలీటర్లకు మించకూడదనుకునే సర్దుకోండి. పెద్ద సీసా అయితే చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లు చుట్టి.

మాంసం, పాల పదార్థాల సంగతి వేరు. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి అవి తేకూడదు, అంటే మటన్ పచ్చడీ, నెయ్యీ ఇంట్లోనే వదలాలి. ఇటువైపు కూడా, గాలికుంటు వ్యాధి భయంతో 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ యూరప్ నుంచి మాంసం, చీజ్ తేవడాన్ని ఆపింది. ఫ్రెంచ్ చీజ్ కొనేముందు ఆ నియమం ఇంకా ఉందో లేదో చూసుకోండి. రైలుకైనా విమానానికైనా ఇదే వర్తిస్తుంది.

విమానం ఆలస్యమైతే డబ్బిస్తారా?

మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరితే, కారణం విమాన సంస్థదైతే ఇవ్వాలి. 1,500 కిలోమీటర్ల లోపు దూరానికి లండన్ నుంచి బయలుదేరితే 220 పౌండ్లు, పారిస్ నుంచైతే 250 యూరోలు. మంచు, తుఫాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మె లాంటివాటికి రాదు. కానీ రెండు గంటలు దాటితే తిండీ నీళ్ళూ కారణమేదైనా ఇవ్వాలి. వాళ్ళంతట వాళ్ళు పిలిచి ఇవ్వరు, మనమే ఫారం నింపి అడగాలి. నాకొకసారి రావడానికి మూడు నెలలు పట్టింది, వచ్చింది.

రైలుకు రెండున్నర గంటల లోపు పట్టే చోట్లకు ఫ్రాన్స్ విమానాలు నిషేధించిందట. ఇదీ ఆగిపోతుందా?

ఆ నిషేధం ఫ్రాన్స్ లోపలి ప్రయాణాలకే. 2023 మేలో అమల్లోకి వచ్చింది. ఓర్లీ నుంచి నాంత్, లియోన్, బోర్డో విమానాలు దాని కిందికి వచ్చాయి. లండన్ వేరే దేశం కాబట్టి వర్తించదు.

వందేళ్ళ క్రితం ఈ ప్రయాణానికి ఎంతసేపు పట్టేది?

ఇది ఎవరూ తరచుగా అడగరు, నేనే చేర్చాను. రోజూ నడిచే అంతర్జాతీయ విమాన సర్వీసు అన్నది మొదలైందే ఈ దారిలో: 1919 ఆగస్టు 25న, ఇప్పటి హీత్రూకు దగ్గర్లోని హౌన్స్లో హీత్ మైదానం నుంచి పారిస్ దగ్గరి ల బూర్జేకు. యుద్ధంలో బాంబులు వేసిన రకం విమానాన్నే మార్చి వాడారు. పట్టిన టైమ్ రెండున్నర గంటలు. అంటే ఇప్పటి రైలు అప్పటి విమానం కంటే ఓ పది నిమిషాలు ముందే చేరుతుంది.

అప్పట్లో పైలట్లు కిందనున్న రోడ్లు, రైలు పట్టాలు చూసుకుంటూ పోయేవాళ్ళు. 1922 ఏప్రిల్ 7న పొగమంచులో, ఉత్తర ఫ్రాన్స్‌లోని పికార్డీలో, ఒకే రోడ్డును పట్టుకుని ఎదురెదురుగా వచ్చిన రెండు విమానాలు ఢీకొన్నాయి. ఏడుగురు చనిపోయారు. ప్రయాణికుల విమానాలు గాలిలో ఢీకొనడం ప్రపంచంలో అదే మొదటిసారి. కుడివైపుగా పోవాలన్న నియమం ఆ తర్వాతే బిగిసింది.

కిటికీ సీటు ఏ వైపు తీసుకోవాలి?

వెళ్ళేటప్పుడు ఎటైనా ఒకటే, ఛానెల్ మీద మబ్బు లేకపోతే రెండు తీరాలూ చూడొచ్చు. సాయంత్రం విమానమైతే కుడివైపు ఎండ మొహాన కొడుతుంది. హీత్రూకు తిరిగొచ్చేటప్పుడు మాత్రం కుడివైపే తీసుకోండి. పదిరోజుల్లో ఏడు రోజులు గాలి పడమర నుంచే ఉంటుంది కాబట్టి విమానాలు తూర్పు నుంచి, ఊరి మీదుగా వచ్చి దిగుతాయి. థేమ్స్ నది వంపులు, టవర్ బ్రిడ్జి, పార్లమెంటు వరసగా కిందుగా కనపడతాయి. మా అమ్మ ఆ అయిదు నిమిషాలూ కిటికీకి అతుక్కుపోయి, దిగాక "ఐఫిల్ టవర్ కంటే ఇదే బావుంది" అంది. టికెట్ డబ్బులు గుర్తొచ్చి నేనేమీ మాట్లాడలేదు.